బ్యూలా: దొరల దేశంలో మరిచిపోయిన పేరు.. మన ఏజెన్సీలో ఎలా నిలిచింది?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో చర్చి ఉన్న ఏ ఊళ్లో అడిగినా బ్యూలా అనే పేరు వింతగా అనిపించదు. బ్యూలా రాణి, బ్యూలా కుమారి, గ్రేస్ బ్యూలా, ఉత్త బ్యూలా.. అంగన్‌వాడీ టీచర్, స్టాఫ్ నర్సు, పాస్టరమ్మ, డిగ్రీ చదివే పిల్ల, ఎవరి పేరైనా కావచ్చు. పెద్దవాళ్ల నోట్లో అదే బ్యూలమ్మ అవుతుంది. కానీ ఇదే పేరును ఇవాళ లండన్‌లోనో న్యూయార్క్‌లోనో చెబితే "మా ముత్తవ్వ కాలం పేరు" అంటారు. అక్కడ పుట్టే పిల్లలకు ఈ పేరు పెట్టేవాళ్లు దాదాపు లేరు. అమెరికాలో ఏటా ప్రకటించే మొదటి వెయ్యి పేర్ల పట్టికలో కూడా బ్యూలా కనిపించదు.

అంటే ఇంగ్లిషు వాళ్లు వదిలేసిన ఇంగ్లిషు పేరు ఒకటి గోదావరి అడవి అంచున నిక్షేపంగా బతుకుతోంది. ఇది ఎలా జరిగింది? అసలు ఈ మాట ఇంగ్లిషేనా? పేరు పెట్టుకున్నాక ఆఫీసుల్లో వచ్చే తిప్పలు ఏమిటి?

బైబిల్లో బ్యూలా అనే మనిషే లేదు

ఎస్తేరు, రూతు, మార్త, హన్నా.. ఇవన్నీ బైబిల్లోని ఆడవాళ్ల పేర్లు. బ్యూలా కూడా అలాంటిదే అని చాలామంది అనుకుంటారు. కాదు. బైబిల్ మొత్తం వెతికినా ఆ పేరుగల స్త్రీ ఎక్కడా లేదు. అది మనిషి పేరు కాదు, నేల పేరు.

యెషయా గ్రంథం 62వ అధ్యాయం, 4వ వచనంలో ఒకే ఒక్కసారి ఈ మాట వస్తుంది. సందర్భం తెలిస్తేనే అందులోని బరువు తెలుస్తుంది. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. జనాన్ని చెరపట్టుకుపోయారు. పొలాలు బీడు పడ్డాయి. తర్వాత తిరిగి వచ్చిన వాళ్లకు ధైర్యం చెప్పడానికి ఆ గ్రంథం ఒక మాట ఇస్తుంది. ఇకమీదట నిన్నెవరూ దిక్కులేనిదానివి అనరు, నీ నేలను పాడుబడిన నేల అనరు, నీకు కొత్త పేర్లు వస్తాయి అని దాని సారాంశం. పాత పేర్లు రెండు: అజూబా (విడిచిపెట్టబడినది), షెమామా (పాడైపోయినది). కొత్త పేర్లు కూడా రెండు: హెఫ్సీబా (ఆమె అంటే నాకు ఇష్టం), బ్యూలా (పెళ్లయినది, అంటే ఒక దిక్కు ఉన్నది).

వీటిలో అజూబా, హెఫ్సీబా నిజంగా మనుషుల పేర్లు కూడా. అజూబా యెహోషాపాతు రాజు తల్లి. హెఫ్సీబా మనష్షే రాజు తల్లి. బ్యూలాకు మాత్రం అలాంటి చరిత్ర లేదు. అది నేలకు పెట్టిన పేరు, అంతే. మనుషులకు పెట్టడం మొదలైంది ఆ తర్వాత రెండు వేల ఏళ్లకు పైగా గడిచాక, అదీ ఇంగ్లిషు వాళ్ల వల్ల.

అనువాదం చేయకుండా వదిలేయడం వల్ల

హీబ్రూలో ఆ మాట పలకడం "బెఊలా"కు దగ్గరగా ఉంటుంది. దానికి స్పష్టమైన అర్థం ఉంది కాబట్టి అనువదించవచ్చు. పాతకాలం అనువాదకులు అదే చేశారు. గ్రీకు బైబిల్లో, లాటిన్ బైబిల్లో "జనం నివసించే నేల" అన్న అర్థంలో పెట్టారు. లాటిన్ నుంచి వచ్చిన క్యాథలిక్కుల ఇంగ్లిషు బైబిల్ కూడా అదే దారిలో నడిచింది. అందులో బ్యూలా అన్న మాటే లేదు.

ప్రొటెస్టెంటుల ఇంగ్లిషు బైబిళ్లు వేరే పని చేశాయి. 1560 నాటి జెనీవా బైబిల్, తర్వాత 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ ఈ రెండు కొత్త పేర్లను హీబ్రూలో ఉన్నట్టే ఇంగ్లిషు అక్షరాల్లో రాసేశాయి. పాత పేర్లను మాత్రం అనువదించాయి. చెడ్డ పేర్లకు అర్థం తెలియాలి, మంచి పేర్లు శబ్దంగా మిగలాలి అనుకున్నారో ఏమో! మొత్తానికి ఆ నిర్ణయం లేకపోతే ఖమ్మం జిల్లాలో ఒక్క బ్యూలా కూడా ఉండేది కాదు.

తెలుగు బైబిల్ కూడా సరిగ్గా అదే పద్ధతి పట్టింది. విడిచిపెట్టబడినది, పాడైనది అన్న మాటలు తెలుగులో ఉంటాయి, హెఫ్సీబా, బ్యూలా అన్నవి ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. పైగా గమనించండి, తెలుగు బైబిల్లో చాలా పేర్లకు సొంత తెలుగు రూపం ఉంది. జాన్ కాదు యోహాను, డేవిడ్ కాదు దావీదు, జేమ్స్ కాదు యాకోబు. బ్యూలాకు మాత్రం ఇంగ్లిషు ఉచ్చారణే తెలుగులోకి దిగింది. అందుకే హీబ్రూ మాట అయినా మన చెవికి ఇది ఇంగ్లిషు పేరులాగే వినిపిస్తుంది. ఒక లెక్కన ఇంగ్లిషు పేరే.

ఇంకో తేడా కూడా ఇక్కడే అర్థమవుతుంది. తెలుగు క్యాథలిక్ కుటుంబాల్లో బ్యూలా తక్కువ. వాళ్ల పాత పేర్లు వేరే దారిన వచ్చాయి. పేతురు అంటే రాయి కాబట్టి రాయప్ప, పౌలు అంటే చిన్నవాడు కాబట్టి చిన్నప్ప, జేవియర్ నుంచి శౌరి, శౌరయ్య, ఇగ్నేషియస్ నుంచి ఇన్నయ్య, ఇన్నాసమ్మ. అక్కడ పేర్లను తెలుగు, తమిళం చేసుకున్నారు. ప్రొటెస్టెంట్ల వైపు పేర్లను పుస్తకంలో ఉన్నట్టే తీసుకున్నారు. ఒక ఊళ్లో శౌరయ్య ఇల్లు, బ్యూలా ఇల్లు పక్కపక్కనే ఉంటే ఏది ఏ చర్చో పేరును బట్టే సగం చెప్పేయొచ్చు.

అరబీలో దీని తోబుట్టువు

ఉర్దూ, అరబీ తెలిసిన వాళ్లకు ఇక్కడ ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. హీబ్రూ, అరబీ ఒకే కుటుంబానికి చెందిన భాషలు. బెఊలా అన్న మాటకు మూలం "బఅల్". దాని అర్థం యజమాని, మాలిక్, భర్త.

అదే మాట అరబీలోనూ ఉంది. ఖురాన్‌లో భర్త అన్న అర్థంలో చాలాచోట్ల వస్తుంది. సూరా హూద్‌లో, ముసలితనంలో కొడుకు పుడతాడన్న కబురు విన్న ఇబ్రాహీం అలైహిస్సలాం భార్య ఆశ్చర్యపోతూ తన భర్త గురించి చెప్పేటప్పుడు వాడిన మాట ఇదే. సూరా బఖరా 228వ ఆయతులో తలాక్, ఇద్దత్ విషయాలు చెప్పే చోట "భర్తలు" అనడానికి వాడిన బహువచన రూపం "బుఊలా". హీబ్రూ బెఊలా, అరబీ బుఊలా.. ఒకటి పెళ్లయిన ఆమె, ఇంకోటి భర్తలు. అర్థాలు వేరు, వేరు ఒకటే. సూరా సాఫ్ఫాత్‌లో ఇల్యాస్ ప్రవక్త తన జనాన్ని నిలదీసినప్పుడు వచ్చే బఅల్ మాత్రం విగ్రహం పేరు. "యజమాని" అన్న మాటనే ఆ జనం తమ దేవుడికి పేరుగా పెట్టుకున్నారు.

మనకిది కొత్తేం కాదు. పతి అంటే భర్త, పతి అంటే ఏలిక కూడా. భూపతి అంటే రాజు. నేలను ఏలేవాడికి, ఇంటివాడికి ఒకే మాట. ఆడవాళ్లకు ఇది ఎంత న్యాయం అన్నది వేరే చర్చ. ఈ రోజుల్లో కొన్ని ఇంగ్లిషు బైబిళ్లు బ్యూలా అన్న మాట తీసేసి నేరుగా "వివాహిత" అనే అర్థం రాస్తున్నాయి. అప్పుడు ఆ మాటలోని యజమాని వాసన మరింత బయటపడుతుంది. కూతురికి బ్యూలా అని పెట్టే తల్లిదండ్రుల్లో ఎక్కువమందికి ఆ సంగతి పట్టదు. వాళ్ల మనసులో ఉండేది "దేవుడు విడిచిపెట్టని బిడ్డ" అన్న భావమే.

బఅల్ అన్న మాటకు రైతుల అర్థం ఇంకొకటి ఉంది. కాలువ, బావి లేకుండా వాన మీదే పండే చేనును అరబీలో బఅల్ అంటారు. పాలస్తీనాలో నేటికీ వర్షాధార పంటను బఅలీ పంట అనే పిలుస్తారు. ఉష్ర్ లెక్కలో వాన నీటితో పండితే పదో వంతు, తోడి పోసిన నీటితో పండితే ఇరవయ్యో వంతు అన్న నియమం తెలిసిందే. ఆ హదీసుల్లో వాన చేనుకు వాడిన మాటల్లో ఇదీ ఒకటి. వానే ఆ నేలకు మగడు అన్నమాట. మన అడవి అంచు పోడు చేను కూడా సరిగ్గా అలాంటిదే.

బన్యన్ నుంచి టీవీ దాకా

ఇంగ్లండులో బ్యూలా జనం నోట పడటానికి అసలు కారణం బైబిల్ కాదు, ఒక కథ. జాన్ బన్యన్ 1678లో అచ్చు వేయించిన యాత్రికుని ప్రయాణంలో, యాత్రికులు చివరి నది దాటే ముందు సేదతీరే చల్లని దేశం పేరు బ్యూలా. అక్కడి నుంచి అవతలి ఒడ్డు నగరం కనిపిస్తుంది. ఇంగ్లిషు ఇళ్లల్లో బైబిల్ తర్వాత ఎక్కువ చదివిన పుస్తకాల్లో ఇది ఒకటి. దాంతో బ్యూలా అంటే ప్రశాంతమైన చోటు అన్న అర్థం స్థిరపడింది. వేల్స్ దేశంలో ప్రార్థనా మందిరాలకు ఆ పేరు పెట్టారు, బ్యూలా అనే ఊళ్లే ఉన్నాయి. ఆస్ట్రేలియాలోనూ ఒక ఊరుంది.

ఆడపిల్లల పేరుగా బాగా పెరిగింది మాత్రం అమెరికాలో, 19వ శతాబ్దం చివర్లో. 1876లో ఎడ్గర్ పేజ్ స్టైట్స్ రాసిన బ్యూలా ల్యాండ్ అనే కీర్తన అక్కడి సభల్లో మారుమోగింది. ఆ తరంలో పుట్టిన ఆడపిల్లల్లో బ్యూలాలు చాలామంది. 1889లో పుట్టిన హాలీవుడ్ నటి బ్యూలా బాండీ వారిలో ఒకరు.

తర్వాత ఆ పేరుకు దెబ్బ తగిలింది. 1945లో అమెరికా రేడియోలో బ్యూలా పేరుతోనే ఒక హాస్య కార్యక్రమం మొదలైంది. అందులో బ్యూలా అంటే తెల్లవాళ్ల ఇంట్లో పనిచేసే నల్లజాతి మనిషి. మొదట్లో ఆమె గొంతు ఇచ్చింది ఒక తెల్లజాతి మగాడు! ఆ తర్వాత, ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి నటి హాటీ మెక్‌డేనియల్ ఆ పాత్ర వేసింది. 1950లో అదే టీవీకి ఎక్కినప్పుడు ఈథెల్ వాటర్స్ చేసింది. నల్లజాతి నటి ప్రధాన పాత్రగా టీవీలో వచ్చిన మొదటి ధారావాహిక అదే అయినా, తమ వాళ్లను ఎప్పుడూ పనిమనిషిగానే చూపిస్తారా అని నల్లజాతి సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. అప్పటికే పాతబడుతున్న పేరు, పైన ఈ ముద్ర. ఆ తర్వాత పిల్లలకు బ్యూలా అని పెట్టడం అమెరికాలో దాదాపు ఆగిపోయింది.

మన దగ్గర ఆ టీవీ కార్యక్రమం ఎవరూ చూడలేదు. పేరు మీద ముద్ర పడలేదు. అది నిలవడానికి ఇదొక్కటే కారణం కాదు గానీ ఇదీ ఒక కారణమే.

దుమ్ముగూడెం, డోర్నకల్, హెబ్రోన్

భద్రాచలం వైపు చరిత్ర కొంచెం చిక్కుగా ఉంటుంది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860 దాకా నిజాం కింద ఉండి, ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, 1874 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో. నది ఇవతల పాల్వంచ, ఖమ్మం మెట్టు మాత్రం నిజాం రాజ్యంలోనే. అంటే గోదావరి ఒక ఒడ్డున కచ్చేరీ భాష ఉర్దూ, ఇంకో ఒడ్డున ఇంగ్లిషు.

గోదావరిలో పడవలు నడపాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట కట్టే పనులు సాగిన రోజుల్లో, ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ చొరవతో కోయల మధ్య చర్చ్ మిషనరీ సొసైటీ పని మొదలైంది. పడవల పథకం 1871లో ఆగిపోయింది గానీ మిషన్ ఆగలేదు. 1870ల నుంచి అక్కడ దశాబ్దాలపాటు ఉన్న జాన్ కెయిన్, కోయల ఆచారాల గురించి, భద్రాచలం రేకపల్లి తాలూకాల గురించి అప్పటి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో వ్యాసాలు రాశాడు. కోయ భాషలో లూకా సువార్త తెచ్చింది కూడా ఆయనే. మిషన్ బడిలో ఆడపిల్లలకు లేసు అల్లడం నేర్పారు. దుమ్ముగూడెం లేసుకు ఒకప్పుడు మంచి పేరు.

ఇవతల ఒడ్డు కథ డోర్నకల్‌ది. తిరునెల్వేలి క్రైస్తవులు చందాలు వేసుకుని పంపిన మిషన్ అక్కడ పని మొదలుపెట్టింది. 1912 డిసెంబరులో వేదనాయగం శామ్యూల్ అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. నిజాం ఇలాఖాలో ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939లో పూర్తయింది. గుమ్మటాలు, మినార్లు, గుడి స్తంభాలు మూడూ కలిసి కనిపించే ఆ కట్టడాన్ని చూస్తే ఈ ప్రాంతం సంగతి చెప్పకనే తెలుస్తుంది.

అయితే తొలి తరం బాప్తిస్మాల్లో బ్యూలా లాంటి పేర్లకంటే తెలుగు బైబిల్ పేర్లే నడిచాయి. ఎస్తేరమ్మ, మార్తమ్మ, రూతమ్మ, దేవదానం, సత్యానందం. పాత నిబంధనలోని అరుదైన మాటలను పేర్లుగా పెట్టే అలవాటు తర్వాతి తరాల్లో జోరందుకుంది. దానికి బలం ఇచ్చిన వాళ్లలో భక్తసింగ్ ఒకరు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన ఆయన మద్రాసులో 1941లో యెహోవా షమ్మా, హైదరాబాదులో 1950లో హెబ్రోన్ అనే సహవాసాలు మొదలుపెట్టారు. స్థలాలకే హీబ్రూ పేర్లు పెట్టే ఆ పద్ధతి తెలుగు నేలంతా పాకింది. బేతేలు, ఏలీము, బెరాకా.. మందిరానికి పెట్టే పేరు నెమ్మదిగా ఇంట్లో పిల్లకీ వచ్చింది. బ్యూలా అసలే నేల పేరు కాబట్టి ఇందులో చక్కగా ఇమిడింది. ఆ తర్వాత హాస్టళ్లు, నర్సింగ్ స్కూళ్లు, సండే స్కూళ్లు. మంచిగా చదువు చెప్పిన టీచరమ్మ పేరే కూతురికి పెట్టుకోవడం ఎక్కడైనా ఉండేదే.

పేర్లు మతం గోడ దాటడం ఈ ప్రాంతానికి మొదటినుంచీ ఉన్న గుణమే. జాన్‌పహాడ్ సైదులు దర్గా మొక్కుతో పుట్టిన సైదులు, సైదమ్మలు ఖమ్మం, నల్గొండ హిందూ ఇళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క లేదు. మస్తానయ్య, ఖాసిం, హుస్సేనమ్మ కూడా అంతే. అడవిలోకి పోతే కోయల ఇళ్లలో సమ్మక్క, సారక్క, భద్రాచలం రాముడి పుణ్యాన సీతలు, రామయ్యలు. ఆ వరసలో బ్యూలా వచ్చి కూర్చుంది.

పేరు కాగితం మీదకు ఎక్కినప్పుడు

ఇక్కడి నుంచి విషయం కొంచెం బరువైనది. సైదులు అన్న పేరుతో హిందూ దళిత కుర్రాడు తహసీల్దార్ ఆఫీసుకు వెళితే ఎవరూ ఏమీ అడగరు. బ్యూలా అన్న పేరుతో వెళ్లిన దళిత అమ్మాయిని మాత్రం అడుగుతారు.

కారణం 1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వు, అందులోని మూడో పేరా. మొదట హిందువులకే పరిమితమైన ఎస్సీ హోదాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు కూడా వర్తింపజేశారు. క్రైస్తవం, ఇస్లాం తీసుకున్న దళితులకు ఈ రోజుకూ లేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవం తీసుకున్న ఎస్సీలను, వారి సంతానాన్ని బీసీ-సీలో పెట్టారు. రిజర్వేషన్ 1 శాతం. ముస్లింలలో వెనుకబడిన వర్గాలకు 2007 నుంచి బీసీ-ఈ కింద 4 శాతం ఉందని పాఠకులకు తెలిసిందే.

15 శాతం దగ్గర నుంచి 1 శాతానికి పడిపోతే ఒక పేద ఇంటి అమ్మాయికి మెడికల్ సీటో, గురుకుల టీచర్ ఉద్యోగమో చేజారుతుంది. అందుకే చాలా ఇళ్లలో రెండు పేర్లు. చర్చిలో బ్యూలా, బడి రిజిస్టర్‌లో భవానో, సునీతో. దీన్ని మోసం అనేవాళ్లు ఉన్నారు. కులం వల్ల పడే అవమానం ఆదివారం చర్చికి వెళ్లినంత మాత్రాన పోతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. రెండో ప్రశ్నకు ఊళ్లో బతికిన ఎవరి దగ్గరైనా జవాబు ఉంటుంది.

చట్టం ప్రకారం చూస్తే పేరు ఒక్కటే మతానికి రుజువు కాదు. బాప్తిస్మం, ఏ మతాన్ని పాటిస్తున్నారన్నది విచారణలో తేలాల్సిన సంగతులు. కుల ధ్రువపత్రాల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 1993లో తెచ్చిన 16వ నంబరు చట్టం ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఆధారం. తప్పుడు పత్రం అని ఫిర్యాదు వస్తే విచారణ జరిపి రద్దు చేసే అధికారం కలెక్టర్‌ది. అయితే విచారణ దాకా వెళ్లకుండానే, కౌంటర్ దగ్గరే పేరు చూసి వెనక్కి పంపితే పేదవాడు ఎవరికి చెప్పుకుంటాడు?

మూడో పేరాను తొలగించమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫార్సు చేసింది. అమలు కాలేదు. 2022 అక్టోబరులో కేంద్రం, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. దాని గడువు పొడిగించారు. ఇది దళిత క్రైస్తవుల సంగతే కాదు, దళిత ముస్లింల సంగతి కూడా.

ఎస్టీల విషయంలో లెక్క పూర్తిగా వేరు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతే లేదు. కోయ ఇంట్లో పుట్టిన అమ్మాయి పేరు బ్యూలా అయినా, సారక్క అయినా ఆమె ఎస్టీయే. ఒకే చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు బ్యూలాల్లో కోయ బ్యూలా ఎస్టీ, మాదిగ బ్యూలా బీసీ-సీ. పేరు ఒకటే, ప్రార్థన ఒకటే, సర్టిఫికెట్లు వేరు.

స్పెల్లింగ్ తిప్పలు

పెద్ద సమస్యల పక్కన ఇది చిన్నదిగా కనిపిస్తుంది గానీ తిప్పడంలో తక్కువేం కాదు. ఇంగ్లిషులో ఈ పేరుకు సరైన స్పెల్లింగ్ బి, ఇ, యు, ఎల్, ఎ, హెచ్. వినడానికి, రాయడానికి పొంతన లేదు. ఆధార్ క్యాంపులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు చెవికి వినబడినట్టు బి, వై, యు, ఎల్, ఎ కొడతాడు. పదో తరగతి మెమోలో చివరి హెచ్ ఎగిరిపోతుంది. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులో మూడూ కలవాలి.

ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి మామూలుగా రెండుసార్లే అవకాశం. కాబట్టి తొందరపడి ఏదో ఒక స్పెల్లింగ్‌కు మార్చేయకుండా, ముందు పదో తరగతి మెమోలో ఏముందో చూసుకుని దానికి అనుగుణంగా మార్చుకోవడం మేలు. పసిబిడ్డలైతే జనన ధ్రువపత్రం దగ్గరే జాగ్రత్తపడాలి. పేరు లేకుండా నమోదైన జననానికి ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుము కట్టి పేరు చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేర్పించడం మొదలు ఆధార్, ఓటరు జాబితా దాకా పుట్టిన తేదీకి, చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో పేరు తప్పు పడితే ఆ తప్పు వెంట వస్తూనే ఉంటుంది.

గోదావరి అవతలి ఊళ్ల వాళ్లకు ఇంకో చిక్కు. పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. కూనవరం, చింతూరు, వీఆర్ పురం లాంటి చోట్ల అంతకుముందు పుట్టిన పిల్లల కాగితాల్లో జిల్లా ఖమ్మం. ఇవతల భద్రాచలంలో ఉన్నవాళ్లకు 2016 నుంచి జిల్లా భద్రాద్రి కొత్తగూడెం. పేరు స్పెల్లింగ్ సరిపోయిందనుకునేసరికి జిల్లా పేరు సరిపోదు.

పోడు పట్టా మీద

ఈ పేరు అసలు అర్థం నేల గురించి కాబట్టి చివరికి నేల దగ్గరికే రావాలి. 2023 జూన్ 30 నుంచి తెలంగాణ ప్రభుత్వం సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాలు ఇచ్చింది. అందులో పెద్ద వాటా భద్రాద్రి కొత్తగూడెం జిల్లాదే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు వస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు చూపించాలి. అడవి అంచున దశాబ్దాలుగా బతుకుతున్న దళిత, ముస్లిం కుటుంబాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. తాత కాలం నాటి కాగితం ఎవరి దగ్గర ఉంటుంది?

ఆ చట్టంలోని నాలుగో సెక్షన్‌లో ఒక మంచి నియమం ఉంది. పెళ్లయిన వాళ్లకు పట్టా మొగుడూపెళ్లాం ఇద్దరి పేరునా ఉండాలి. ఇద్దరిలో ఎవరూ దాన్ని అమ్మడానికి వీల్లేదు, పిల్లలకు మాత్రం దక్కుతుంది. పట్టా చేతికి వచ్చాక చాలామంది సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు చూసుకుని బీరువాలో పెట్టేస్తారు. భార్య పేరు ఉందా లేదా, ఉంటే ఆధార్‌లో ఉన్న స్పెల్లింగే ఉందా అన్నది చూసుకోరు. రైతు సాయం ఖాతాలో పడనప్పుడో, భర్త పోయాక వారసత్వం రాయించుకోవాల్సి వచ్చినప్పుడో అది బయటపడుతుంది. తప్పు ఉంటే గ్రామ అటవీ హక్కుల కమిటీకి, ఐటీడీఏ కార్యాలయానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి, దాని మీద రసీదు తీసుకోవాలి. ఆధార్ జిరాక్స్‌తో పాటు, రెండు స్పెల్లింగులూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ ఒకటి జతచేస్తే పని కొంత తొందరగా అవుతుంది.